మీరా స్టాంపు మీద తెల్లమచ్చ

మా మామయ్యగారికి రెండే ఆస్తులని మా వారు వేళాకోళం చేస్తుంటారు. ఒకటి కోనసీమలో పెంకుటిల్లు, రెండోది స్టాంపుల ఆల్బం. ఇంటి విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఆల్బంలోని ఒక్క స్టాంపు దగ్గరే మొన్న వేసవిలో నాకూ మా ఆడపడుచుకీ మాటపట్టింపు వచ్చింది.

ఆ స్టాంపు 1952 అక్టోబరులో వచ్చిన సాధుకవుల వరసలోది. కబీరు, తులసీదాసు, మీరా, సూరదాసు, గాలిబ్, టాగూరు. అణాల కాలం కదా, మీరాది రెండణాలు. మామయ్యగారి మీరా బొమ్మ మీద నువ్వుగింజంత తెల్లమచ్చ ఉంది. కింద పెన్సిలుతో ఆయన చేతిరాత: ‘అచ్చుతప్పు’.

అచ్చుతప్పు స్టాంపులకి లక్షల ధర పలుకుతుందని మామయ్యగారు మాకు ఎన్నిసార్లు చెప్పారో. 1854లో కలకత్తాలో అచ్చేసిన నాలుగణాల స్టాంపు కథ పిల్లలకి కంఠతా వచ్చు. చట్రం ఎరుపు, విక్టోరియా రాణి తల నీలం, రెండు రంగులూ రెండు విడతల్లో వేసేవారట. కాగితం తిరగబడి పెట్టడంతో కొన్నింటిలో రాణిగారి తల కిందులైంది. వాటికోసం ఈనాటికీ ప్రపంచమంతా వెతుకుతారు.

అలాంటిదే తన మీరా కూడా అని ఆయన నమ్మకం. "ఇది మనవరాలి చదువుకమ్మా" అన్నారు నాతో, మా ఆడపడుచు ముందే. ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టి, "మా వాడికీ తాతయ్యేగా నాన్నా" అంది. తర్వాత రెండు రోజులు మేమిద్దరం "కూర వడ్డించనా", "చాలు వదినా" తప్ప మాట్లాడుకోలేదు.

వాళ్ళు వెళ్ళాక మా అమ్మాయి, "అసలిది నిజంగా అచ్చుతప్పేనా అమ్మా?" అంది. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న! మామయ్యగారు మధ్యాహ్నం నిద్రపోయాక భూతద్దం, టార్చిలైటు తీసుకుని కూర్చున్నాం.

ఇందులో పెద్ద విద్యేమీ లేదండీ, చీరలు కొనే కళ్ళు చాలు. అద్దకం చీరలో అచ్చు పడని చోట రంగు ఉండదు కానీ బట్ట బట్టలాగే నున్నగా ఉంటుంది. రాపిడికి రంగు పోయిన చోట నూగు లేస్తుంది. కాగితమూ అంతే. సిరా అందని చోట స్టాంపు అంచులోని తెల్లకాగితం ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. టార్చి పక్కవాటుగా పట్టుకుని చూశాం. మచ్చ దగ్గర కాగితం దూదిలా పీచు లేచి ఉంది, చిన్న గుంట నీడ కూడా పడింది.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. ఎన్నాళ్ళ కాగితమో, నూగు అదే లేచిందేమో అనుకున్నా. అప్పుడు మా అమ్మాయి పోస్టు ముద్ర చూపించింది. నల్లటి గుండ్రటి ముద్ర గీత సరిగ్గా ఆ మచ్చ మీదుగానే పోవాలి. మచ్చ దాకా వచ్చి ఆగి, అవతలి అంచు నుంచి మళ్ళీ మొదలైంది. అచ్చువేసినప్పుడే తెల్లగా ఉండి ఉంటే ముద్ర ఆ తెలుపు మీద కూడా పడేది కదా! రంగుతోపాటు ముద్ర కూడా పోయిందంటే, ఉత్తరం బట్వాడా అయ్యాక ఎప్పుడో పైపొర ఊడిందన్నమాట.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నాకు మొదట వచ్చిన ఆలోచన, ‘ఈ స్టాంపు పోనీ ఆడపడుచుకే ఇచ్చేద్దాం, మంచిపేరైనా వస్తుంది’ అని. మా అమ్మాయి నా మొహం చూసి, "అమ్మా!" అంది. అంతే, ఇంకేం అనలేదు.

సాయంత్రం టీ ఇచ్చి మామయ్యగారికి భూతద్దం చేతికిచ్చాను. ఎలా చెప్పాలో తెలియక, "ఈ ముద్ర గీత ఒకసారి చూడండి మామయ్యగారూ" అన్నాను. చూశారు. టార్చి అటూ ఇటూ తిప్పించి మళ్ళీ చూశారు. టీ చల్లారిపోయింది. ఆయన మొహం చూడలేక నేను పెరట్లోకి వెళ్ళి ఎండిన బట్టలు తీయడం మొదలుపెట్టాను, సగం ఇంకా తడిగానే ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి అన్నారు, "బిస్కెట్ డబ్బా."

1986 ఆగస్టులో గోదావరి వరదకి ఆ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. స్టాంపులన్నీ అప్పుడు విడిగా డబ్బాలో ఉండేవట. కొత్త స్టాంపుల వెనక జిగురు తడిసి ఒకదానికొకటి అంటుకుపోతే, అత్తయ్యగారు ఎండబెట్టి ఒక్కొక్కటే విడదీశారు. ఆల్బం కొన్నది ఆ తర్వాతే. అంటించేటప్పుడు మచ్చ కనిపించింది, ముందెప్పుడూ గమనించలేదేమో అనుకున్నారు.

"మీ అత్తయ్య ఆ వేళ వంట కూడా చేయలేదు. రోజంతా ఇవే విడదీసింది," అన్నారు. కాసేపయ్యాక రబ్బరు అడిగారు. ‘అచ్చుతప్పు’ చెరిపేసి, వణికే అక్షరాలతో ‘1986 వరద’ అని రాశారు.

రాత్రి ఆయనే కూతురికి ఫోన్ చేసి చెప్పారు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత ఫోన్ నాకిమ్మంది. "వదినా, ఆ డబ్బా ఇంకా ఉందా?" అనడిగింది.

అటక మీద ఉంది. పోపుసామాను పోసుకోవడానికి నేనే వాడి, తుప్పు పట్టిందని పైకెక్కించాను. రేపు దింపించాలి.