బండి నిలుపు చోటు

మూడేండ్ల క్రిందట నేనొక అర్జీ వ్రాసితిని. మా యూరు చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రహదారి ప్రక్కనున్నది. వెనుక దీనిని 5వ నంబరు జాతీయ రహదారి యనెడివారు. 2010లో నంబరులు మార్చిన పిమ్మట 16వ నంబరయినది. మా పాఠశాల యెదుట చింతచెట్ల క్రింద రాత్రులందు పది పదునైదు లారీలు నిలుచుచుండెడివి. ఉదయమున బాలబాలికలు వచ్చుసరికి అచ్చట స్నానముల బురదయు, అన్నపు మెతుకులును, చెప్పరాని యశుచియు నుండెడివి. నేను గ్రామస్థులచే సంతకములు చేయించి, ఆ లారీలను తొలగింపుడని యధికారులకు విన్నవించితిని. అర్జీలు వ్రాయుటలో నాకు కొంత నేర్పు గలదు. పదిదినములలో నిషేధపు బోర్డు పాతిరి, రాత్రి గస్తీ పెట్టిరి, లారీలు పోయినవి. గొప్ప సంస్కార మొకటి సాధించితినని నేను సంతోషించితిని.

పోయినవని సంతోషించితిని గాని, యెక్కడికి పోయినవో విచారింపనైతిని.

అవి రెండు కిలోమీటర్ల యావల, వంతెన దాటిన పిమ్మట, దీపములులేని చోట బాటయంచున నిలువసాగినవి. మార్గశిరమాసమున నొకనాటి తెల్లవారుజామున మా యూరి పాలవాడు మోటారుసైకిలుపై క్యానులు కట్టుకొని పోవుచు, మంచులో ఆగియున్న లారీని వెనుకనుండి గుద్దుకొనెను. ప్రాణము దక్కినది, కుడికాలు మోకాలివఱకు పోయినది. ఆసుపత్రిలో వానిని చూచివచ్చిన రాత్రి నేను నా యర్జీ నకలు తీసి చదువుకొంటిని. మొదటి సంతకము నాది. పదునొకండవ సంతకము వానిది.

నా పూర్వశిష్యుడొకడు భీమవరమునుండి మంచుగడ్డలలో పెట్టిన చేపలను హౌరాకు చేర్చు లారీని నడుపుచున్నాడు. ఆ సంక్రాంతికి ఇంటికి వచ్చి నన్ను చూడవచ్చెను. “ఏమిరా, చీకట్లో దారిమీద బండి ఆపడం మీకు న్యాయమేనా?” అని కొంత కోపముతోనే యడిగితిని. వాడు తల వంచుకొని యిట్లనెను:

“న్యాయం కాదండి మాస్టారూ. కాని ఎక్కడ ఆపమంటారు చెప్పండి? ఊళ్ళో ఆపితే ఊరివాళ్ళు లేపేస్తారు. బంకులో డీజిలు కొట్టించుకోకపోతే ఉండనివ్వరు. దాబా దగ్గర రాత్రి ఎనిమిదింటికే బండ్లు నిండిపోతాయి. కళ్ళు మూతలు పడుతుంటే తోలితే ఎవరిని చంపుతానో అని భయం. ఆపితే ఎవరొచ్చి గుద్దుకుంటారో అని భయం. మమ్మల్ని కదలమనేవాళ్ళే గాని, ఇదిగో ఇక్కడ ఆగు అనేవాళ్ళు లేరండి.”

మఱియు వాడు చెప్పిన సంగతులు నేనెన్నడు నెఱుగనివి. ఆగినను నిద్ర యుండదట. ట్యాంకులోని డీజిలు పీల్చుకొనిపోవుదురు. స్టెప్నీ టైరు విప్పుకొనిపోవుదురు. టార్పాలిను కోసి సరకు తీయుదురు. ఏది పోయినను జీతములో విఱుగగోయుదురు. క్లీనరు నుంచుకొను స్తోమత పలువురు యజమానులకు లేదు గనుక, కాపుండువాడును నిద్రింపవలసినవాడును ఒక్కడే. బండి చెడి నడిదారిని ఆగెనేని, చెట్టుకొమ్మ విఱిచి వెనుక పెట్టి, నాలుగు రాళ్ళు పేర్చుట వారి ఆచారము. బండి పోయిన పిమ్మట ఆ రాళ్ళచ్చటనే యుండి మఱియొకని ప్రాణము తీయును.

పిమ్మట నేను చట్టములను తిరుగవేసితిని. అప్పుడు అమలులో నుండిన 1961వ సంవత్సరపు మోటారు రవాణా కార్మికుల చట్టము, దినమునకు 8 గంటలకు మించి పని చేయింపరాదనియు, ఎడతెగక 5 గంటలు పనిచేసినవానికి అరగంటయైన విశ్రాంతి యీయవలెననియు విధించినది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 122వ సెక్షను, ఒరులకు అపాయము కలుగునట్లు బండిని బహిరంగస్థలమున నిలుపరాదని నిషేధించినది. మొదటిది ‘ఆగుము’ అన్నది. రెండవది ‘ఇచ్చట ఆగకుము’ అన్నది. రెండును న్యాయములే. కాని ‘అచ్చట ఆగుము’ అని చూపదగిన చోటు చాలినంత లేనప్పుడు, ఈ రెండు న్యాయముల నడుమ బీదవాడు నలుగుచున్నాడు. 2022లో మన దేశపు రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వీరిలో ఆగియున్న బండ్లకు గుద్దుకొన్నవారును గలరు. నిద్రమత్తున తోలినవారి చేత చిక్కినవారును గలరు. ఆ రెండు విధముల మృత్యువులకును మూలములలో నొకటి ఈ చోటు లేమియే.

ఇది బీదదేశపు లోపమని కొందఱనవచ్చును. అమెరికాలో 2009లో జేసన్ రివెన్‌బర్గ్ అను డ్రైవరు సరకు దింపవలసిన చోటి సమీపమునకు వేళకు ముందుగా చేరి, బండి నిలుప తావులేక, దక్షిణ కెరోలినాలో మూతపడిన పెట్రోలు బంకులో నాగెను. దొంగ వానిని కాల్చిచంపి తీసికొన్నది 7 డాలర్లు. భార్య పట్టుదలతో పోరాడగా, 2012లో లారీల నిలుపుదల స్థలములకై వాని పేర చట్టమయినది. అయినను అక్కడి డ్రైవర్లు నేటికిని చోటు చాలదనియే మొఱపెట్టుచున్నారు. కావున ఇది ధనలోపము కాదు, దృష్టిలోపము. సరకు కావలెనని కోరుదుము. తెచ్చువాడు కంటబడరాదని కోరుదుము.

మన పూర్వులకు ఈ దృష్టి కొఱవడలేదు. నూయి, చెఱువు, తోట, అన్నదానము – వీనికి ధర్మశాస్త్రములు ‘పూర్తము’ అని పేరిడి యజ్ఞములతోపాటు లెక్కించినవి. ఈ రహదారికి సమీపముననే యున్న ధౌళి కొండరాతిపై, మనుష్యులకును పశువులకును ఉపయోగపడునట్లు బాటల వెంబడి నూతులు త్రవ్వించితిననియు, చెట్లు నాటించితిననియు అశోకుడు చెక్కించెను. ఎడ్లబండ్లవాడు సత్రపు పెరటిలో బండి విప్పుకొని నిశ్చింతగా పండుకొనెడివాడు. అయితే ఆ సత్రములలో కులమునకొక పంక్తి యుండెడిది. అది మఱచి పూర్వమును పొగడుట సత్యము కాదు. మనము కట్టవలసినది ఆ పంక్తులులేని సత్రము.

ప్రభుత్వము ఊరకున్నదని నేననను. పెద్ద రహదారులకు లారీలు నిలుపు తావులుండవలెనని నిర్మాణ నియమములలోనే గలదు. 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి, మొదటి విడతగా డ్రైవర్లకు 1000 విశ్రాంతిభవనములు కట్టింతుమని ప్రకటించెను. 2025 అక్టోబరు 1నుండి తయారగు పెద్ద లారీలలో డ్రైవరు కూర్చుండు గదికి శీతలయంత్రముండవలెనని నియమించిరి. ఇవి మెచ్చదగినవి. కాని ఒక్క ఆంధ్రరాష్ట్రముననే ఈ దారి ఇచ్ఛాపురమునుండి తడవఱకు వేయి కిలోమీటర్లకు పైగా నున్నది. రాత్రి యందు నిద్ర వచ్చినవాడు తదుపరి భవనమువఱకు నిద్ర నాపుకొనలేడు. చోటు దగ్గఱదగ్గఱగా నుండవలెను. దీపము, ప్రహరి, నీరు, మరుగుదొడ్డి, కావలివాడు – ఈ యైదు నుండవలెను. సరకు దింపుటకు లారీలను గేటు బయట గంటలకొలది నిలుపు ఫ్యాక్టరీలు తమ యావరణలోనే వానికి చోటీయవలెను. రాత్రివేళ శూన్యముగా పడియుండు మార్కెట్టు యార్డులను ఊరివారు తెఱచియీయవచ్చును.

వారు త్రాగుదురు, అశుచి చేయుదురు అని మన ఇండ్లలో ననెడి మాటయు నేనెఱుగుదును. నా మొదటి యర్జీలో ఆ మాటను నేనే వ్రాసితిని. మరుగుదొడ్డి లేనిచోట శుచియెక్కడిది? ఆ మాట వ్రాసిన దినమున మా ఇంట వండిన బియ్యము, ఉల్లి, పిల్లల పుస్తకముల కాగితము – అన్నియు లారీలో వచ్చినవే.

నిరుడు నేను రెండవ యర్జీ వ్రాసితిని. మా మార్కెట్టు యార్డులో రాత్రి లారీలకు చోటీయవలెనని కోరితిని. ఈసారి సంతకములు కష్టముగా దొరకినవి. పాలవాని యింటికి పోవుటకు నాకు కాళ్ళు రాలేదు, అయినను పోయితిని. వాడు చంకకఱ్ఱలు గోడకానించి కూర్చుండి, కాగితమంతయు నాచే చదివించుకొనెను. “మొదటిదాన్ని చదవకుండా పెట్టానండి” అని నవ్వి, పేరు వ్రాసెను. ఈ పర్యాయము మొదటి సంతకము వానిది.

పన్నెండు లారీలకు చోటిచ్చిరి. ఒక దీపము, ఒక కుళాయి యున్నవి. మరుగుదొడ్డి యింకను కట్టవలసియున్నది. వంతెన యావల చీకటిలో నేటికిని కొన్ని నిలుచుచునే యున్నవి.