నంబరు ఆగేదాకా

ఇస్నాపూర్ నుంచి పాశమైలారం వెళ్లే దారిలో ఒక వేబ్రిడ్జి మీద ఆపరేటర్‌గా పని చేస్తున్నాను. మా వైపు దాన్ని ధర్మకాంటా అంటారు. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, సరుకుతో వచ్చినప్పుడు ఇంకోసారి తూకం వేస్తాం. రెండింటి తేడానే సరుకు బరువు. పని అంతే.

మా పాప ఏడో తరగతి. పోయిన పేరెంట్స్ మీటింగులో టీచర్ ఒక మాట చెప్పారు: "పాపకు తెలుసండీ, కానీ జవాబు చెప్పడానికి టైం తీసుకుంటుంది." ఆమె మామూలుగానే అన్నారు. నేనే మనసుకు పట్టించుకున్నాను. ఆ రోజు నుంచి రాత్రి అన్నాలు కాగానే ఫోన్లో టైమర్ పెట్టి లెక్కలు అడగడం మొదలుపెట్టాను. 240లో 15 శాతం ఎంత? పది సెకన్లు. రెండు వారాల్లో పాప జవాబులు తొందరగా రాసాగాయి. అయితే నోటికి ఏ అంకె వస్తే అది చెప్పేసి, నా మొహం చూసేది.

ఒకరోజు ఇంగ్లిష్ హోంవర్కులో 'పాండర్' అనే మాట వచ్చింది. అర్థంతో పాటు ఆ మాట ఎక్కడి నుంచి పుట్టిందో కూడా రాయాలట. లోతుగా ఆలోచించడం అని నేను చెప్పాను. పాప డిక్షనరీ చూసి నవ్వింది. "డాడీ, ఇది నీ పనే!"

లాటిన్‌లో 'పాండెరారే' అంటే తూచడం, 'పాండుస్' అంటే బరువు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చిన ఆ మాట, మనసులో తూచడం అనే అర్థంలో నిలిచిపోయింది. బరువు కొలిచే పౌండు కూడా ఆ కుటుంబానిదే. 'డెలిబరేట్'లో ఉన్నది 'లీబ్రా', అంటే త్రాసు. మనకు మాత్రం తక్కువా? ఆచితూచి మాట్లాడమంటాం. తులనాత్మకం అనే పెద్ద మాటలో ఉన్నదీ తులే, అంటే త్రాసే. మా అమ్మయితే తూచడాన్ని జోకుడు అంటుంది. అది కూడా నోట్‌బుక్కులో రాస్తానని పాప పట్టుబట్టింది.

ఆదివారం నాతో పాటు కాంటా దగ్గరికి వచ్చింది. సరుకు లారీ ప్లాట్‌ఫాం ఎక్కింది. తెర మీద నంబరు పైకీ కిందికీ ఊగుతోంది. డ్రైవర్ ఇంజన్ ఆపాడు. ఇంకా ఊగుతూనే ఉంది.

"ఇప్పుడే ప్రింట్ కొడితే?"

"తప్పు బరువు వస్తది. పార్టీ ఒప్పుకోడు."

"మరి ఎంతసేపు ఆగాలె?"

"నంబరు ఆగేదాకా."

పాప నా వైపు చూసి ఊరుకుంది. ఆ చూపు నాకు బాగానే తగిలింది. వెనక నాలుగు లారీలు హారన్ కొడుతున్నా కదలని వాణ్ని, ఇంట్లో పది సెకన్లు ఓపిక పట్టలేకపోయాను.

ఆ రాత్రి టైమర్ పెట్టలేదు. మళ్లీ అదే అడిగాను, 240లో 15 శాతం. పాప ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చుంది. వాళ్లమ్మ గిన్నెలు సర్దడం కూడా అయిపోయింది. జవాబు నా నోటి చివర దాకా వచ్చింది. మింగేశాను.

"పది శాతం 24. అందులో సగం 10. అంటే 34," అంది.

నేనేమీ అనలేదు.

"ఆగు డాడీ. సగం 12 కదా... 36."