చిత్త కార్తెలో టెస్టు మ్యాచి

మారతహళ్ళి అన్న పేరు ఎట్లా వచ్చిందని అడిగితే ఇక్కడ రెండు మూడు కథలు చెబుతారు. పక్కనున్న హెచ్.ఎ.ఎల్. కర్మాగారంలో తయారైన 'మారుత్' యుద్ధ విమానం పేరు మీదుగా వచ్చిందనేది అందులో ఒకటి. నిజానిజాలు చరిత్రకారులకు వదిలేస్తాను గాని, నాకా కథంటేనే ఇష్టం. మరుత్తు అంటే గాలి కదా! అక్టోబరులో గాలి తూర్పుకు తిరిగిందంటే మా వంతెన దగ్గర నీళ్ళు నిలుస్తాయి, రింగు రోడ్డు మీద కార్లు కదలవు. 2022 సెప్టెంబరులో మా చుట్టుపక్కల పేటల్లో పడవలూ ట్రాక్టర్లూ తిరగడం దేశమంతా టీవీల్లో చూసిందే.

అలాంటి ఊరికి, అలాంటి నెలలో, మా నాయన టెస్టు మ్యాచి చూడ్డానికి వచ్చారు.

మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. నాయన ఇప్పటికీ ఉదయం ఎనిమిదికల్లా చేను చూసి వచ్చే మనిషి. మారతహళ్ళికి వస్తే ఆయనకు తోచుబాటు కాదన్న బెంగ లేదు. సందు చివర మెస్సు బోర్డు తెలుగులోనే ఉంటుంది, కూరగాయల బండివాడు మదనపల్లె వాడు, ఆటో ఆయన కన్నడంలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తాడు. ఆయన బెంగంతా చేలోనే ఉంది. శెనక్కాయ కట్టె పీకి చేలో కుప్పలేసి వచ్చారు. ఆ కుప్ప మీద రెండు రోజులు వాన పడితే కాయ మొలకెత్తుతుంది, కట్టె నల్లబడి పశువులు కూడా ముట్టవు.

"ఇంత పని పెట్టుకుని ఎందుకొచ్చినావు నాయనా?" అన్నాను. "న్యూజిలాండ్ వాళ్ళు కదరా!" అన్నారు.

దాని వెనక కథ ఉంది. 1969 దసరా సెలవుల్లో ఆయన హైదరాబాదులో మేనమామ ఇంటికి వెళ్ళి లాల్ బహదూర్ స్టేడియంలో భారత్–న్యూజిలాండ్ టెస్టు చూశారు. అప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆ మ్యాచిలోనూ రెండో రోజు ఆట వానకే పోయింది. పిచ్ మీది గడ్డి కత్తిరించవలసిన రోజున కత్తిరించలేదు. మూడో రోజు కత్తిరించబోతే నిబంధన ఒప్పుకోదని న్యూజిలాండ్ కెప్టెన్ డౌలింగ్ అడ్డం చెప్పాడు. ఆ గడ్డి పిచ్ మీద మనవాళ్ళు 89కి ఆలౌటు. చివరి రోజు 268 కొట్టవలసి ఉండగా 76 పరుగులకే ఏడు వికెట్లు పోయాయి. అంతలో వాన. వాన వెలిసి ఎండ కాసినా మైదానం ఆరబెట్టే పని నత్తనడక నడిచింది. ఆఖరికి డౌలింగే దిగి నీళ్ళు తుడవసాగాడు. ఆట మళ్ళీ మొదలవలేదు. మ్యాచి డ్రా, సిరీస్ సమం.

"మేమంతా వానదేవుడికి జై కొట్టినాం. ఇంటికి పోయినాక ఆ తుడిచే మనిషే కండ్ల ముందర కనబడినాడు. అన్నం సహించలేదు" అనేవారు నాయన. ఆ తర్వాత ఆయన టెస్టు మ్యాచికి వెళ్ళలేదు.

2024 అక్టోబరు 16, బుధవారం. మొదటి రోజుకు రెండు టిక్కెట్లు కొన్నాను. ముందురోజు నుంచీ వాన. బడులకు సెలవిచ్చారు. మా ఆఫీసు వాళ్ళు ఇంట్లోంచే పని చేసుకోమన్నారు. "వానలో ఎక్కడికి మామయ్యా?" అని మా ఆవిడ వారించినా నాయన వినలేదు. ఆటోలో కుందలహళ్ళి దాకా పోయి, మెట్రో ఎక్కి కబ్బన్ పార్కులో దిగాం. స్టేడియంలో మా వంటి మొండివాళ్ళు కొద్దిమందే ఉన్నారు. మైదానం మీద కవర్లు పరిచి ఉన్నాయి. నాయన వాటినే చూస్తూ కూర్చున్నారు.

"ఈ పట్టల్లో రెండు మన చేనికి పంపితే ఎంత బాగుండు!" అన్నారు.

ఆయనకు ధైర్యం చెబుదామని ఈ మైదానం సంగతి చెప్పాను. 2015 నవంబరులో దక్షిణాఫ్రికాతో ఇక్కడే టెస్టు. డివిలియర్స్‌కు అది నూరో టెస్టు. మొదటి రోజు వాళ్ళు 214కి ఆలౌటు, మనవాళ్ళు వికెట్ పోకుండా 80. తక్కిన నాలుగు రోజులూ ఒక్క బంతి పడలేదు. ఆ దెబ్బ తర్వాత 2017లో మైదానం అడుగున గొట్టాలు వేసి, యంత్రాలతో నీటిని కిందికి లాగే ఏర్పాటు చేశారు. వాన వెలిస్తే చాలు, మైదానం త్వరగా ఆరుతుంది.

"వెలిస్తే కదా!" అన్నారు నాయన. నిజమే. యంత్రం నేలను ఆరబెడుతుంది గాని మబ్బును ఆపలేదు. "అది సరే, చిత్త కార్తెలో ఇక్కడ టెస్టు పెట్టిన మహానుభావుడు ఎవరురా? పంచాంగం చూడలేదా?"

నాకు తెలిసినంత చెప్పాను. బంగ్లాదేశ్‌తో రెండు, న్యూజిలాండ్‌తో మూడు ముగించుకుని నవంబరు 22కల్లా ఆస్ట్రేలియాలో పెర్త్ టెస్టు ఆడాలి. ఏడాది పొడవునా ఏదో ఒక పోటీ. ఖాళీ ఉన్నచోట టెస్టును ఇరికిస్తారు. నైరుతి వానలు వెనక్కు మళ్ళి ఈశాన్యం మొదలయ్యే ఈ రోజులే బెంగళూరులో గట్టి వానల రోజులని వాతావరణ శాఖ లెక్కలూ చెబుతాయి, రైతులూ చెబుతారు. ఆ నెల మొదట్లోనే కాన్పూరులో రెండు రోజులకు పైగా ఆట పోయినా మనవాళ్ళు దంచికొట్టి గెలిచారు. దాంతో వాన మాట అందరూ మరచిపోయారు.

నిబంధనలూ చెప్పాను. మొదటి రోజు పూర్తిగా పోతే ఫాలో ఆన్‌కు 200 బదులు 150 పరుగుల ఆధిక్యం చాలు. పోయిన ఓవర్లు కొంతైనా రాబట్టడానికి మర్నాడు పావుగంట ముందుగా, తొమ్మిదింపావుకే మొదలుపెడతారు. మామూలు టెస్టుకు అదనపు రోజు ఉండదు. 2021లో సౌతాంప్టన్‌లో ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కు మాత్రం ఆరో రోజు ఉంచారు. రెండు రోజులు వానకు పోగా, ఆ ఆరో రోజునే న్యూజిలాండ్ మనల్ని ఓడించింది.

"శెనక్కాయకు ఆ ఆరో రోజు లేదు గదరా!" అన్నారు నాయన. మధ్యాహ్నం ఆట రద్దని చెప్పారు. టాస్ కూడా పడలేదు.

గురువారం పొద్దున్నే ఆయన ఊరి బస్సెక్కారు. రెండు రోజులు కవర్ల కింద ఉన్న పిచ్ మీద, మబ్బు పట్టిన పూట, రోహిత్ టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాడు. స్వదేశంలో ఎన్నడూ లేనంత తక్కువగా 46కి ఆలౌటు. బస్సులోంచే నాయన ఫోను: "చెమ్మ నేల మీద ఎవురన్నా ముందు దిగుతారా?" న్యూజిలాండ్ 402 చేసింది. అందులో 134 రచిన్ రవీంద్రవి. తల్లిదండ్రులది బెంగళూరే. చిన్నప్పుడు క్లబ్బు పిల్లలతో వచ్చి మా అనంతపురం ఆర్.డి.టి. మైదానాల్లో ఆడి వెళ్ళిన కుర్రాడు. "మనోడే కొట్టినాడులే" అన్నారు నాయన.

రెండో ఇన్నింగ్స్‌లో సర్ఫరాజ్ 150, పంత్ 99 కొట్టి 462 దాకా లాక్కొచ్చారు. ఆదివారం న్యూజిలాండ్‌కు కావలసింది 107 మాత్రమే. మనల్ని కాపాడితే వానే కాపాడాలి. పొద్దున్నే మా అపార్ట్‌మెంటులో బాల్కనీ బాల్కనీకీ ఒక తల ఆకాశం వైపు తిరిగి ఉంది. మావాడు చేతులు జోడించి నిలబడ్డాడు. నేనూ పక్కనే నిలబడి మనసులో మొక్కుకుంటున్నాను. అప్పుడే ఫోను మోగింది.

"అక్కడ మబ్బేసిందా? ఈడ సగం కుప్ప ఎండింది. ఈ ఒక్క దినం పడకుంటే నూర్పిడి చేసుకుంటాం" అన్నారు నాయన.

నేనేం మొక్కుకున్నానో ఆయనకు చెప్పలేదు. "ఎండ వస్తాంది నాయనా" అన్నాను. లోపలికి వచ్చి క్యాలెండరు చూస్తే అక్టోబరు 20. హైదరాబాదులో డౌలింగ్ నీళ్ళు తుడిచిన రోజుకు సరిగ్గా యాభై ఐదేళ్ళు.

ఆట ఆలస్యంగా మొదలైంది. రెండు వికెట్లు పోగొట్టుకుని న్యూజిలాండ్ గెలిచింది. 1988 తర్వాత మన దేశంలో వాళ్ళకదే తొలి టెస్టు విజయం. పుణె, ముంబైలలో కూడా గెలిచి, హైదరాబాదులో చేజారిన సిరీస్ గెలుపును ఈసారి సంపాదించారు. మావాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

సాయంత్రం నాయన మళ్ళీ ఫోను చేశారు. నూర్పిడి అయింది. అడుగు కుప్పలో కాయ కొంత మొలకెత్తిందట. మిగిలింది దక్కింది. మనవడికి ఫోను ఇమ్మని, "ఏడవాకరా, ఈసారి వాళ్ళు ఎండలో గెలిచినారు" అన్నారు. తర్వాత నాతో, "సంక్రాంతి దాటినాక యాడన్నా టెస్టు ఉంటే చెప్పు, వస్తా" అన్నారు.