మోటుపల్లి అభయము

హనుమకొండలో పుట్టిపెరిగి పాదువా విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న నాకు వెనిస్ నగరము రైలులో అరగంట దూరము. 1222లో నెలకొన్న ఈ విద్యాలయమున గెలీలియో 1592 మొదలు 1610 వరకు గణితము బోధించెనని, వచ్చిన మొదటివారముననే ప్రతి విద్యార్థికిని ఎవరో యొకరు చెప్పుదురు. కాని ఓరుగంటివారికి ఈ సీమతో అంతకంటె మూడువందల యేండ్ల ముందరి సంబంధ మొకటి కలదు. దాని జాడ కన్నులార చూడవలెనని, పరీక్షలు ముగిసిన పిమ్మట ఒక ఆదివారమున మిత్రులతో కూడి బయలుదేరితిని. మాలో ఒకడు చీరాలవాడు, ఒకతె ఇరాను దేశీయురాలు, వేరొకడు ఘానానుండి వచ్చినవాడు. 1846లో కట్టిన వంతెనపై రైలు సాగుచుండగా ఇరుప్రక్కలను నీరే తప్ప నేల కనబడకపోయెను. "అచ్చం పులికాటు సరస్సులాగుందిరా" అని చీరాల మిత్రుడు కిటికీకి ముఖ మానించి పలికెను.

సందులు, చిన్నచిన్న వంతెనలు దాటుచు రియాల్తో వంతెన చేరితిమి. 1591లో పూర్తియైన ఆ రాతివంతెన ఒకే కమానుతో మహాకాలువను దాటుచున్నది. దాని చెంతనే జర్మను వర్తకుల పాతవిడిది యున్నది. 1505లో అగ్నిపాలైనదానిని నగరప్రభుత్వమే తన వ్యయముతో 1508 నాటికి మరల కట్టించెను. ఆ వర్తకులు అందే బసచేయవలెను, అందే సరుకు దింపుకొనవలెను, అధికారుల కన్నుల యెదుటనే క్రయవిక్రయములు నెరపవలెను. పరదేశి తెచ్చు ధనము కావలెను, పరదేశిపై కన్నును వేసియుండవలెను: ఆ వర్తకనగరపు నీతి ఈ రెండు మాటలలో నిమిడియున్నది.

అచటికి కూతవేటు దూరమున, మార్కోపోలో మారుపేరగు మిలియోను పేరు మోయు ఇరుకైన ముంగిలిలో, జంతువుల బొమ్మలు చెక్కిన పాత కమాను క్రింద నిలిచినప్పుడు నా హృదయము పొంగినది. ఆయన కుటుంబపు ఇండ్లు ఈ తావుననే యుండెడివి. అవి కాలిపోగా అచట నాటకశాల వెలసినది. దాని గోడపై ఆయన స్మారకఫలకము కలదు. 1271లో తండ్రి, పినతండ్రులతో తూర్పుదేశములకు పోయి 1295లో తిరిగివచ్చిన ఆ వర్తకుడు, 1298లో జెనోవావారి చెరలో నుండి తోడిఖైదీయగు రుస్తికెల్లోచే వ్రాయించిన గ్రంథమున 'ముత్ఫిలి' యను రాజ్యమును వర్ణించెను. అది కాకతీయుల రేవైన మన మోటుపల్లి యనియు, అందు కీర్తింపబడిన రాణి ఓరుగంటి రుద్రమదేవియే యనియు చరిత్రకారులు నిర్ణయించిరి. కాకతీయ గణపతిదేవుని కుమార్తెయైన ఆమెను ఆ రాజు భార్యగా తలచుట దూరదేశీయుని పొరపాటు. కాని న్యాయమును, శాంతిని కోరిన ఆమెను ప్రజలు మిక్కిలి ప్రేమించిరన్న మాటయు, సాలెగూటివలె సన్నని వస్త్రముల మాటయు, వజ్రముల మాటయు ఆ గ్రంథమున నేటికిని నిలిచియున్నవి.

"మా తాతగారి ఊరికి మోటుపల్లి పక్కనేరా. ఎన్నిసార్లు పోయానో గాని, ఈ వీధికి ఆ ఊరితో ఇంత కథ ఉందని ఎవరూ చెప్పలేదు" అని చీరాల మిత్రుడు వగచెను. ముంగిలి దాటి ఒక కూడలిలో బల్లపై కూర్చుండి, ఇంటనుండి తెచ్చిన పులిహోర పంచుకొని తినుచు, గణపతిదేవుని అభయశాసనమును మిత్రులకు వివరించితిని. 1244లో వెలువడిన ఆ శాసనము మోటుపల్లి వీరభద్రాలయమున శిలాస్తంభముపై నున్నది. పూర్వపు రాజులు తుపాను వాతబడి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలనుండి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలిమిచే గైకొనుచుండిరనియు, తాము మాత్రము దయచేతను, కీర్తిని, ధర్మమును కోరియు నియతమైన సుంకము తప్ప సర్వమును ఓడవారికే విడుచుచున్నామనియు దాని భావము. ఆ సుంకము ముప్పదింట ఒక పాలు. సుంకముపై ఆశ రాజునకు లేకపోలేదు. ఐనను దిక్కులేక ఒడ్డుచేరినవానిని దోచుకొనరాదని రాతిపై వ్రాయించి తన చేతులను తానే కట్టుకొనెను.

సాయంకాలము రైలునిలయమునకు మరలుచు, 1516లో యూదులను నివసింపజేసిన ఘెట్టో ప్రవేశించితిమి. లోకములోని ఘెట్టోల కన్నింటికిని పేరిచ్చిన ద్వీపమిది. విస్తరించుటకు తావు లేక ఇండ్లపై ఇండ్లు లేచి, తక్కువయెత్తు కప్పులతో ఏడెనిమిది అంతస్తులు నిలిచినవి. వాకిలి రాతిలో తలుపుల బందులు బిగించిన గుంటలు ఇప్పటికిని కనబడును. ఇరాను మిత్రురాలు ఒక గుంటలో వ్రేలు పెట్టి చూచి, "రాత్రి కావలివారి జీతము ఎవరిచ్చిరి?" అని ప్రశ్నించెను. లోపల మూయబడినవారే యిచ్చుకొనిరి. ఈ నగరముననే హీబ్రూ గ్రంథముద్రణము వర్ధిల్లినది, సంపూర్ణ తాల్మూదు తొలిసారి అచ్చుపడినది. ఐనను రాత్రియైనచో ఆ తలుపులు మూతపడుచునే యుండెను. 1797లో నెపోలియను సేనలు వచ్చినపిమ్మట గాని అవి ఊడలేదు.

ఆ దినము మా అందరి జేబులలోను ఇటలీ ప్రభుత్వమువారి నివాసానుమతి కాగితములుండెను. పరదేశమున బ్రతుకువానికి అట్టి కాగితపు విలువ చెప్పనక్కరలేదు. అభయమను మాటకు నిండు అర్థము నాకు తెలిసినది ఆ కాగితము చేతబట్టుకొన్న పిమ్మటనే. ఓరుగంటి కోటలోని కీర్తితోరణముల బొమ్మలను మనము సగర్వముగా వేసికొనుచున్నాము, రామప్పగుడికి 2021లో ప్రపంచవారసత్వ గౌరవము దక్కినందుకు ఆనందించితిమి. వాటి సరసన మోటుపల్లి స్తంభమునకును మన పిల్లల పాఠములలో స్థానముండవలెను. అంతకంటెను ముఖ్యమైనది వేరొకటి కలదు. వరంగల్లు కళాశాలలలో చేరుటకు అన్యరాష్ట్రములనుండియు, అన్యదేశములనుండియు పిల్లలు వచ్చుచున్నారు. వారు అద్దెగది కొఱకు మన వాకిట నిలిచినప్పుడు కులమో, మతమో, మేనిరంగో చూచి తలుపు వేయక, అందరివలె అద్దె నిర్ణయించి తాళపుచెవి చేతికిచ్చువాడే గణపతిదేవుని శాసనమును నిజముగా చదివినవాడు.