పైకీ కిందికీ నడుమ అర్థం

క్రియకు చిన్న అవ్యయం తోడై కొత్త అర్థాన్నిచ్చే ఇంగ్లిషు పదబంధ క్రియను లాటిన్‌లోకి తెచ్చేవారు, ఆ అవ్యయానికి సాటిని క్రియకు ముందు చేరే ఉపసర్గలో వెదకడం సహజమే. ‘ఇవ్వడం’ అనే అర్థమున్న ‘దరె’కు ‘తిరిగి’ అనే అర్థమిచ్చే ‘రె’ చేరగా ఏర్పడిన ‘రెద్దెరె’, ఇంగ్లిషు ‘గివ్ బ్యాక్’కు చక్కగా సరిపోతుంది. అయితే ‘గివ్ అప్’ అనే ఒక్క మాటకు, కోటను శత్రువుకు అప్పగిస్తే ‘దేదెరె’, ప్రయత్నం మానుకుంటే ‘దేసిస్తెరె’, ఆశ వదులుకుంటే ‘దేస్పేరారె’ అని మూడు క్రియలు కావాలి. పైగా ఇంగ్లిషు అవ్యయం పైకి చూపిస్తే, ఈ మూడింటి మొదటనున్న ‘దే’ కిందికో దూరానికో చూపిస్తుంది. ‘హృ’ ధాతువు ఉపసర్గను బట్టి ఆహారంగా, విహారంగా, సంహారంగా మారడం ఎరిగిన తెలుగువారికి ఈ తీరు పరిచితమే. కనుక అనువాదకులు ముందు సందర్భంలో జరిగే పనిని గ్రహించాలి. నిఘంటువు ఆ తరువాతే అక్కరకు వస్తుంది.