పొరుగునుడిలో పాఠము

విదేశములకు పోయి పాఠములు చెప్పి వచ్చిన ఉపాధ్యాయుల అనుభవములను మీరు చదివియుందురు. వారు సముద్రములు దాటుదురు. మంచు కురియు ఊళ్ళలో కాపురముందురు. అచ్చటి పిల్లల మాట తమకును, తమ మాట పిల్లలకును తెలియక కొన్నాళ్ళు తికమకపడుదురు. నేను ఓడ నెక్కినవాడను కాను. నా విదేశయాత్ర ఆదోని బస్సు నిలయమున మొదలై, హొళగుంద పోవు దారిలోని ఒక పల్లెలో ముగిసినది. అయినను అక్కడ గడపిన రెండు నెలలను నేను నేటికిని విదేశవాసముగానే లెక్కించుచుందును.

అది 1982వ సంవత్సరము. నేను తెలుగు పండిత శిక్షణ పొందుచుంటిని. మా స్వగ్రామము ఎమ్మిగనూరు. మాచాని సోమప్పగారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘమును నెలకొల్పిరి. 1954లో వారికి పద్మశ్రీ బిరుదము లభించినది. మా తండ్రిగారు ఆ సంఘమునకు బట్ట నేసెడివారు. మా వీధిలో కన్నడము మాటలాడు నేతవారు కొందరుండిరి. కాని వారు మాతో తెలుగుననే మాటలాడెడివారు. కావున ఆ భాష నా చెవిని పడినదే గాని నోటికి రాలేదు.

శిక్షణలో భాగముగా ప్రతివాడును ఒక పాఠశాలలో కొంతకాలము పాఠములు చెప్పవలెను. నా తోటివారిలో పలువురకు పట్టణపు పాఠశాలలు దొరికినవి. నాకు ఈ పల్లె వచ్చినది.

ఈ సీమ చరిత్ర కొంత తెలిసిననే గాని నా కథ మీకు బోధపడదు. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఒకప్పుడు బళ్ళారి జిల్లాలోనివి. ఆ జిల్లా మదరాసు రాష్ట్రములోనిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమేర్పడినప్పుడు ఈ మూడు తాలూకాలు ఆంధ్రమునకును, తక్కిన తాలూకాలు మైసూరునకును చెందినవి. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో చేరినవి. పటముమీద గీత గీయుట సులభమే. కాని ఆ గీతకు ఈవల కన్నడము మాటలాడు పల్లెలును, ఆవల తెలుగు మాటలాడు పల్లెలును మిగిలిపోయినవి. పిల్లనిచ్చిన ఊరొక రాష్ట్రమును, పిల్లను తెచ్చుకొన్న ఊరు మరియొక రాష్ట్రమును అయ్యెను. ఇట్టి పిల్లలకు ప్రాథమిక విద్యను మాతృభాషలో నేర్పు వసతి కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఏ అధికరణమును చేర్చిరి. నేను పోయిన పల్లెలో ఐదవ తరగతి వరకు కన్నడమే ఉండెను. ఆరవ తరగతిలో అడుగిడగానే సమస్తమును తెలుగు. ఆ ఆరవ తరగతియే నాకప్పగింపబడినది.

ఒక రైతు ఇంటి వసారా గదిలో బస కుదిరినది. మొదటి సాయంకాలము ఎదురింటి వృద్ధుడు నన్ను చూచి, "ఊట ఆయితా?" అని పలకరించెను. తెలుగువానికి ఊట యనగా చెలమలో ఊరు నీరు. ఏ ఊట? దానికేమైనది? అని నేను ఆలోచించుచుండగా ఇంటి యజమాని నవ్వి, "భోజనమైనదా అని అడుగుచున్నాడు, సారూ" అని విప్పి చెప్పెను. భోజనమున కేమియు లోపము లేదు. జొన్నరొట్టె, పుండికూర, ఎఱ్ఱగడ్డ, పచ్చిమిరప కారము. మా యింట తినునదియు అదియే. నా నాలుకకు కష్టము లేదు. కష్టమంతయు చెవికే.

విన్న మాటలు వ్రాసికొనుటకు ఒక చిన్న పుస్తకమును కుట్టుకొంటిని. వారికి కల్లు అనగా రాయి. మర అనగా చెట్టు. ఎత్తు అనగా ఎద్దు. బేడ అనగా వద్దు. మన పెద్దలకు బేడ యనగా రెండణాలు. సాకు అనగా చాలును అని అర్థము. ఇంటిలోని పిల్లలు తల్లిని 'అవ్వా' అనియు, ముసలమ్మను 'అజ్జీ' అనియు పిలుచుచుండిరి. మా సీమలో అవ్వ యనగా నాయనమ్మయో, అమ్మమ్మయో కదా! ఇవన్నియు రాత్రి లాంతరు వెలుతురున వ్రాసికొనుచుంటిని.

పదునైదు దినములు గడచునప్పటికి ఆ పుస్తకములోని మాటలు తమంతట తామే వరుసలు కట్టసాగినవి. మన పాలు వారికి హాలు, పులి హులి, పాము హావు, పండు హణ్ణు, పల్లె హళ్ళి. అనగా మాట మొదట మన 'ప' ఉన్నచోట వారికి 'హ' వచ్చుచున్నది. పూర్వము కన్నడమునను అది 'ప'యే. కాలక్రమమున 'హ'గా మారినది. కన్నడమే మారినది, తెలుగు మారలేదు అని గర్వింపవలదు. చెవిని వారు కివి యందురు. చేయిని కై యందురు. చెరువును కెరె యందురు. ఇచట పాత 'క'ను నిలుపుకొన్నది కన్నడము, 'చ'గా మార్చుకొన్నది మనము. ఇది వ్యాకరణ గ్రంథములలో ఉన్న విషయమే. కాని పుస్తకమున చదివినప్పుడు కలుగని సంతోషము, పశువులను తోలుకొని పోవు పిల్లల నోట వినినప్పుడు నాకు కలిగినది.

రెండు భాషల లిపులును ఒక్క తల్లి బిడ్డలే. కన్నడము చదువ నేర్చిన పిల్లవానికి మన గ, న, బ, మ, ల ఇంచుమించుగా తెలిసినవే. క, త, శ వంటి కొన్నింటి యొద్దనే వాడు నిలిచిపోవును. ఇక కవుల మాట చెప్పనేల? కన్నడమున ఆదికవి యనబడు పంపని పూర్వులు మన వేంగి సీమవారు. ఆయన సోదరుడు జినవల్లభుడు 10వ శతాబ్దిలో కరీంనగరము ప్రాంతమున కురిక్యాల యొద్ద చెక్కించిన శాసనములో సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును ఉన్నవి. హంపీ విజయనగరమునుండి ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదను తెలుగున రచించెను. ఆ హంపీ ఆదోనికి పడమట దిక్కుననే కలదు.

నేను చెప్పదలచిన అసలు విషయము ఈ పాండిత్యము కాదు; ఒక బాలుని సంగతి.

వాడు ఆరవ తరగతిలో కడపటి వరుసను గోడ కానుకొని కూర్చుండెడివాడు. కూర్చుండిన దినములు తక్కువ. హాజరు పట్టికలో వాని పేరున కెదురుగా గైర్హాజరు గుర్తులే ఎక్కువ. తరగతి ఉపాధ్యాయులు కోస్తా జిల్లానుండి బదిలీపై క్రొత్తగా వచ్చిన పెద్దవారు. మనసు మెత్తన, గొంతు గట్టి. "వాడు మొద్దు కాదు నాయనా, సోమరి. ఆలస్యమున కారణమడిగినచో 'అవ్వ పోయింది' అనును. ఒకసారి పోయిన అవ్వ ప్రతిదినమును పోవునా? ఒక్క మాట మందలించినచో ఇంటికి పారిపోవును" అని వారు నాతో ననిరి.

మరునాడు నేను గుమ్మమునొద్ద నిలిచి చూచుచుంటిని. రెండవ గంట కొట్టిన పిమ్మట బాలుడు వచ్చెను. "ఎందుకు ఆలస్యము?" "అవ్వ పోయింది సార్." "మరల అదే సాకు!" అని ఆయన గద్దించిరి. బాలుడు తల వంచుకొని, పలకా పుస్తకమును చంక నిడుకొని, వచ్చిన దారిననే వెనుకకు నడచెను.

నేను వెంట పోతిని. ఊరి వేపచెట్టు క్రింద మూడేండ్ల ఆడుబిడ్డ యొకతె కూర్చుండి యున్నది. వాడు దానిని ఎత్తుకొనుచుండెను. నాకు వచ్చిన నాలుగు కన్నడపు ముక్కలతో, ఎందుకు పోవుచున్నావని అడిగితిని. వాడు కన్నీరు కార్చుచు, "మేష్ట్రు సాకు అంద్రు" అనెను.

పంతులుగారు 'చాలు' అన్నారట! ఇక చదివినది చాలు, పొమ్మని వాని చెవికి వినబడినది. ఎన్ని ఉదయములు వాడు ఈ విధముగా చెప్పినమాట విని ఇంటికి పోయెనో! పాఠశాలలో దానికి పారిపోవుట యని పేరు పెట్టిరి.

వానితో ఇంటికి పోయి చూచితిని. పాఠశాల యంతయు చనిపోయినదనుకొన్న ముసలమ్మ పొయ్యి యొద్ద సజీవముగా కూర్చుండి యున్నది. ఆమెకు కన్నులు కనబడవు. ఆమె వానికి అజ్జి. వాని 'అవ్వ', అనగా తల్లి, వరికోతలకు కూలిగుంపుతో సిరిగుప్ప వైపు పోయి నెల దాటినది. తండ్రి ఇతరుల గొఱ్ఱెల మందతో దూరమున నున్నాడు. పదునొకండేండ్ల ఆ పిల్లవాడు వేకువను నీరు మోసి, రొట్టెలు తట్టి, అవ్వ లేని ఇంట అజ్జికిని చెల్లెలికిని పెట్టి, అటుపిమ్మట పాఠశాలకు వచ్చుచుండెను. వాడు చెప్పినదంతయు సత్యమే. చెప్పిన మాటలును తెలుగు మాటలే. వాని భాషలో అవి ఒకటి, మన భాషలో మరియొకటి అయినవి.

ఈ సంగతి విని ఆ ఉపాధ్యాయులు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "చెల్లెలిని కూడ తీసికొని రమ్మనుము. పలక నేనిచ్చెదను" అని మాత్రమనిరి. ఆ మరునాటినుండి ఆరవ తరగతిలో మూడేండ్ల విద్యార్థిని యొకతె ముందు వరుసలో కూర్చుండి, పలకమీద సున్నలు చుట్టుచుండెను. పరీక్షాధికారి యెవరైన వచ్చియున్నచో ఏమనియుండెడివారో గాని, వారెవరును రాలేదు.

వచ్చినవారు నా శిక్షణను పర్యవేక్షించు అధ్యాపకులు. ఆ దినము నా పాఠములో పులి కథ ఉన్నది. నల్లబల్లపై రెండు నిలువు వరుసలు గీసి, ఒకదానిలో పులి, మరియొకదానిలో హులి. ఒకదానిలో పాలు, మరియొకదానిలో హాలు వ్రాసితిని. తక్కినవి పిల్లలే చెప్పవలెనంటిని. తరగతి తుమ్మెదల తుట్టెవలె మ్రోగినది. అప్పుడు గోడ నానుకొన్న బాలుడు లేచి నిలిచి, "కెరె, చెరువు" అనెను. నేను అంతవరకు 'క', 'చ'ల మాట తరగతిలో ఎత్తనే లేదు. వాడు తనంతట తానే ఆ దారిని కనిపెట్టెను. దానికంటె మంచి జవాబును నా ఉద్యోగకాలమున నేను కొన్నిమార్లే వినియుందును.

అధ్యాపకులు నా పాఠ్యపథకముపై, "తెలుగు పాఠమున పరభాషా పదములు అధికము" అని ఎఱ్ఱసిరాతో వ్రాసి మార్కులు తగ్గించిరి. ఆ కాగితము నాయొద్ద నేటికిని ఉన్నది. ఆ అభిప్రాయముతో నేనానాడు ఏకీభవింపలేదు. ప్రధానోపాధ్యాయుడనై పదవీ విరమణ చేసిన పిమ్మటను ఏకీభవింపను. పిల్లవాడు ఇంటినుండి తెచ్చిన మాటలను గుమ్మము బయట వదలి రమ్మనినచో, వాడు లోపలికి ఏమి తీసికొని వచ్చును?

మన తెలుగువారే ఈ పిల్లవాని స్థితిలో నున్న దేశములు కలవు. 1834వ సంవత్సరము మొదలుకొని మన దేశపు కూలీలు చెఱకు తోటలలో పనిచేయుటకు ఒడంబడికపై మారిషసు ద్వీపమునకు పోయిరి. కోరంగి రేవునుండి ఓడ నెక్కినందున అక్కడి తెలుగువారికి కోరంగులని పేరు వచ్చినది. వారి మునిమనుమల ఇండ్లలో నేడు క్రియోలు భాష వినబడును. అయినను అక్కడి పాఠశాలలలో తెలుగు నేర్పుచున్నారు. మోకా యను చోట 1970లో ఏర్పడిన మహాత్మాగాంధీ సంస్థలోను తెలుగు కలదు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపముననే జరిగినవి. అక్కడి తెలుగు పంతులు పిల్లల క్రియోలు మాటను పెడచెవిని పెట్టినచో, వారిని 'అ ఆ'ల యొద్దకు ఏ దారిని తీసికొని రాగలడు?

నా గడువు తీరుటకు నాలుగు దినముల ముందు ఆ బాలుని తల్లి తిరిగివచ్చెను. కోత కూలిగా వచ్చిన ధాన్యపు మూటను తలపై నుండి దింపకయే పాఠశాల వాకిట నిలిచి, లోపల తన బిడ్డలిరువురును ఉండుట చూచినది. కోస్తా ఉపాధ్యాయులు లేచి ఎదురేగి, "రా అవ్వా, లోపలికి రా" అనిరి. ముప్పదియేండ్ల ఇల్లాలిని అవ్వ యనుటకు వారి జిల్లాలో ఎవరును సాహసింపరు. అక్కడ ఎవరును నవ్వలేదు.

నేను బయలుదేరునాడు వారు నా మాటల పుస్తకమును అడిగి తీసికొనిరి. ప్రతి వ్రాసికొని పంపెదననిరి. అది రాలేదు. కొన్ని సంవత్సరములకు, నేను ఆదోనిలో పనిచేయుచున్నప్పుడు, ప్రత్తి మార్కెట్టు యార్డు ముందర వారు కనబడిరి. తల పూర్తిగా నెరసినది. పుస్తకమేమైనదని అడిగితిని. "అందులో నేను చేర్చిన మాటలు నీవు వ్రాసినవాటికంటె ఎక్కువైనవి నాయనా. ఇప్పుడది నీదెట్లగును?" అనిరి. ఇది సాకు కదా అని నేనంటిని.

"సాకు, సాకు!" అని చేయి ఊపుచు, ఒగ్గాని తిందము రమ్మని ఆయన హోటలు వైపు దారితీసిరి.