మెస్సు మూసిన తర్వాత

హాస్టల్లో ఉండే విద్యార్థికి రెండు ఆకళ్ళుంటాయి. ఒకటి మెస్సు గంటతో పాటు వేసేది. రెండవది మెస్సుకి తాళం పడ్డాక వేసేది. మొదటిదాని గురించి మన సంఘం ఎన్నికల్లో ఏటా ఉపన్యాసాలు వింటూనే ఉన్నాం. పప్పులో నీళ్ళ గురించి, సాంబారులో కనబడని ముక్కల గురించి మాట్లాడని అభ్యర్థి లేడు. రెండవ ఆకలి గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. అదేమంత రహస్యమా అంటే కాదు. రాత్రి పదకొండు దాటాక ఏ వరండాలో నడిచినా కెటిల్లో నూడుల్స్ ఉడుకుతున్న వాసన, ప్యాకెట్లు చింపుతున్న చప్పుడు. గేటు దగ్గర ఫోన్లో ఆర్డరిచ్చిన బిర్యానీ కోసం నలుగురు నిలబడి ఉంటారు.

నేను బరువు తగ్గాలని పూనుకున్న కథంతా ఈ రెండవ ఆకలితోనే నడిచింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. మా ఇంట్లో పొలం కన్నా ముందు వారసత్వంగా వచ్చేది చక్కెర వ్యాధి. మా తాతకి దాని మూలంగానే కాలి బొటనవేలు తీసేశారు. నాన్నకి నలభయ్యో ఏట బయటపడింది. నాకిప్పుడు ఇరవై రెండు. 2024 ఆగస్టులో ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేయిస్తే పరగడుపున 112 వచ్చింది. వందలోపు ఉండాలి, 126కి చేరితే జబ్బు కింద లెక్క. అంటే నేను గుమ్మంలో నిలబడి ఉన్నానన్నమాట. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. శరీర భార సూచిక దాదాపు 30. మన భారతీయులకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని వైద్యులు లెక్క కట్టారు. ఒకే బరువున్నా మనవాళ్ళకి పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ పేరుకుంటుంది, చక్కెర వ్యాధి తొందరగా వస్తుంది, అందుకని మనకి గీత కాస్త కిందికి గీశారు.

డాక్టరుగారు నన్ను మందలించలేదు. "నువ్వేం తింటున్నావో నాకొద్దు బాబూ, ఎన్నింటికి తింటున్నావో రెండు వారాలు రాసుకురా" అన్నారు. సరేనని చిన్న నోటుబుక్కు ఒకటి కొన్నాను. పద్నాలుగు రాత్రుల్లో పదకొండు రాత్రులు పదకొండు గంటల తర్వాత ఏదో ఒకటి తిన్నట్టు తేలింది. పక్కనే ఎందుకు తిన్నానో కూడా రాసుకున్నాను. కడుపులో నిజంగా ఆకలి వేసింది నాలుగు రాత్రులే. మూడు రాత్రులు నిద్ర ఆపుకోవడానికి. రెండు రాత్రులు లెక్క తెగక. మిగిలిన రెండు రాత్రులూ, ఎదురుగా రూమ్మేట్ తింటున్నాడు గనుక.

ఇందులో లెక్క చూస్తే భయం వేస్తుంది. ఒక నూడుల్స్ ప్యాకెట్టు సుమారు 300 కేలరీలు. వంద గ్రాముల జంతికలో మిక్స్చరో అయితే దగ్గర దగ్గర 500. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయంటారు. అవసరానికి మించి రోజుకో 300 పడితే, కాగితం మీద లెక్క ప్రకారం ఇరవై ఆరు రోజులకి ఒక కిలో. ఒళ్ళు కాగితం మాదిరిగా కచ్చితంగా నడవదు గానీ, నడిచే దారి మాత్రం అదే.

"నోరు కట్టుకోలేవట్రా?" అని అడిగేవాళ్ళు అడుగుతారు. ఈ ప్రశ్నకి సైన్సు చెప్పే జవాబు వేరు. 1994లో లెప్టిన్ అనే హార్మోను బయటపడింది. కొవ్వు కణాల నుంచి పుట్టి, నిల్వ చాలినంత ఉందని మెదడుకి కబురు చెప్పేది అది. 1999లో జపాను శాస్త్రజ్ఞులు గ్రెలిన్ అనే మరొకదాన్ని కనుక్కున్నారు. అది కడుపులో పుట్టి ఆకలి రేపుతుంది. 2004లో షికాగోలో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక పరీక్ష జరిగింది. రెండేసి రాత్రులు నాలుగు గంటల పడక ఒకసారి, పది గంటల పడక ఇంకొకసారి. నిద్ర తగ్గినప్పుడు లెప్టిన్ 18 శాతం పడిపోయింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. తీపి మీదికి, ఉప్పు కారాల మీదికి వాళ్ళ మనసు ఎక్కువగా పోయింది. చూశారా, సెనగలు తినాలని ఎవడికీ అనిపించదు, జంతికలే కావాలనిపిస్తుంది!

ఇంకొక సంగతి. మన ఒంట్లో గడియారం ఉంది. అది ఎలా నడుస్తుందో కనుక్కున్న ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. తిండి, నిద్ర వేళల ప్రభావం తీసేసి చూసినా, ఈ గడియారం ప్రకారమే ఆకలి పొద్దున ఎనిమిది ప్రాంతంలో బాగా తక్కువగా, రాత్రి ఎనిమిది ప్రాంతంలో బాగా ఎక్కువగా ఉంటుందని 2013లో అచ్చయిన ఒక పరిశోధన చెప్పింది. అంటే రాత్రి ఆకలి వేయడం చేతకానితనం కాదు. అది ఒంటి స్వభావం. దానికి తోడు మన దినచర్య ఉంది. రాత్రి ఏడింటికి మెస్సులో తిని, రెండింటి దాకా మేలుకుంటే మధ్యలో ఏడు గంటలు. పొద్దున ఎనిమిదీ ముప్పావుకి లేచేసరికి టిఫిను అయిపోతుంది. మొదటి ముద్ద మధ్యాహ్నం ఒంటిగంటకి. రోజంతా బాకీ పడ్డ కడుపు రాత్రికి వడ్డీతో సహా వసూలు చేసుకుంటుంది.

కాబట్టి రాత్రి పన్నెండింటికి డబ్బా ముందు కూర్చుని మనసుతో కుస్తీ పట్టే పని నేను పెట్టుకోలేదు. ఆ కుస్తీ పొద్దున్నే మొదలుపెట్టాను. టిఫిను మానకూడదని నియమం పెట్టుకున్నాను. మొదటి వారం ముద్ద దిగేది కాదు. ఇడ్లీతో పాటు ఉడికిన గుడ్డొకటి అలవాటయ్యాక మధ్యాహ్నం దాకా నిలకడగా ఉండేది. సాయంత్రం అయిదింటికి గుప్పెడు ఉడకబెట్టిన సెనగలు. రాత్రి భోజనానికి మొదటి పంక్తిలో కాక, ఎనిమిదింబావుకి చివరి పంక్తిలో కూర్చునేవాణ్ణి. పన్నెండు కొట్టేసరికి దీపం ఆర్పేయడం. పరీక్షల రోజుల్లో ఇంకో గంట మేలుకోవలసి వస్తే అప్పటికని వేరుశెనగ పలుకులు ముందే కొలిచి పొట్లం కట్టుకునేవాణ్ణి. ఇందులో గొప్ప తపస్సేమీ లేదు.

తపస్సంతా రూమ్మేట్ విషయంలో వచ్చింది. వాడు సాయంత్రం అయిదు నుంచి పదిన్నర దాకా మోటారు సైకిలు మీద ఊళ్ళో వాళ్ళకి భోజనాలు అందిస్తాడు. ఫీజు దానితోనే కట్టుకుంటాడు. వందమందికి వేళకి అన్నం చేర్చిన వాడు గదికి వచ్చేసరికి మన మెస్సుకి తాళం. వాడి కెటిల్లో ఉడికే నూడుల్స్ చిరుతిండి కాదు, రాత్రి భోజనం. "ఒక్కణ్ణీ తిన్నేను మావా, నువ్వూ కూకో" అనేవాడు. నేను కూర్చునేవాణ్ణి. కూర్చున్నాక ఊరికే ఎలా ఉంటాం? ఎదుట ఒకడు తింటుంటే చేతులు కట్టుకుని చూడడం మన ఇళ్ళల్లో నేర్పిన పద్ధతి కాదు. పైగా వాడితో మాట్లాడే సమయం రోజు మొత్తానికి అదొక్కటే. వాళ్ళమ్మ ఆపరేషను సంగతి, బండి కిస్తీ సంగతి నాకు తెలిసింది ఆ అరగంటల్లోనే. నా బరువు కోసం వాణ్ణి ఒంటరిగా తినమనడానికి నాకు మనసొప్పలేదు.

చాలా రోజులు ఆలోచించి ఒక కారియరు కొన్నాను. ఎనిమిదింబావుకి నేను తిన్నాక వాడి భోజనం అందులో పెట్టించుకుందామని. గుమాస్తాగారు రూలు ఒప్పుకోదన్నారు. భోజనం బయటికి తీసుకుపోకూడదట. వాడు నెలనెలా మెస్సు బిల్లు మొత్తం కడుతున్నాడు గదా అంటే, "రూలు రూలే" అన్నారు. నాలుగో రోజున వంట మేస్త్రి ఈ గొడవంతా విని, "తినీవోడి కోసమే గదా వొండినాం, అట్టుకెళ్ళు బాబూ" అని కారియరు తనే నింపాడు. ఆనాటి నుంచీ గుమాస్తాగారు ఆ వేళకి పేపరు చదువుకుంటూంటారు.

ఇప్పుడు వాడు వచ్చి అన్నం తింటాడు. నేను ఎదురుగా గ్లాసుడు పల్చటి మజ్జిగ పెట్టుకుని కూర్చుంటాను. కబుర్లు ఏమీ తగ్గలేదు. వాడికి రోజుకి అరవయ్యో డెబ్బయ్యో మిగులుతున్నాయి. నా దగ్గరున్న డబ్బా వాడి ట్రంకు పెట్టెలోకి మారింది. తాళంచెవి వాడి దగ్గరే.

డబ్బా అంటే అమ్మ పంపే డబ్బా. జంతికలు, చెగోడీలు, బెల్లం గవ్వలు. పంపొద్దని నేను చెప్పలేదు. పొయ్యి దగ్గర నడుం నొప్పెట్టేలా కూర్చుని చేసే పిండివంటని వద్దనే నోరు నాకు లేదు. ఇప్పుడా డబ్బా సాయంత్రం అయిదింటికి వరండాలో తెరుస్తాం. పది చేతులు పడతాయి. నా వంతుకి రెండు గవ్వలొస్తాయి, రుచి మాత్రం పూర్తిగా వస్తుంది.

2025 మార్చి నాటికి 77 కిలోలకి దిగాను. ఏడు నెలల్లో ఏడు కిలోలు. సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ చూసి, "ఏటిరా, అలా చిక్కిపోనావు? అక్కడ అన్నం ఎట్టడం లేదేటి?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాన్న ఏమీ అనలేదు. మార్చిలో పరీక్ష చేయించిన రాత్రి మాత్రం తనే ఫోన్ చేశాడు.

"ఎంతొచ్చింది?"

"తొంభై ఎనిమిది నాన్నా."

కాసేపు అవతల మాట లేదు. తర్వాత, "బాగుంది. పడుకో మరి, పదకొండయింది" అన్నాడు. మా నాన్న నన్ను మెచ్చుకోవడం అంటే అంతే.

మిత్రులకి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇది బరువు తగ్గవలసిన వాడి కథ. బక్కపలచటి వాళ్ళు దీన్ని చదివి రాత్రి తిండి మానేయనక్కర్లేదు. నిద్రలోంచి పదే పదే లేచి తినవలసి వచ్చేవాళ్ళు, తింటేగాని మళ్ళీ నిద్రపట్టని వాళ్ళు ఉంటారు. దానికి వైద్యశాస్త్రంలో 1955 నుంచే ఒక పేరుంది, చికిత్స ఉంది. అలాంటి వాళ్ళు సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇక సంఘానికి నా విన్నపం. రాత్రి భోజనం వేళ ఏడు నుంచి ఎనిమిదింబావు దాకా కాకుండా, తొమ్మిదిన్నర దాకా పొడిగించమని మెస్సు కమిటీని అడగండి. సాయంత్రాలు పనిచేసి చదువుకునే విద్యార్థులు మన హాస్టల్లో నాకు తెలిసినవాళ్ళే పదిహేడు మంది. ముందుగా పేరు రాసిచ్చిన వాళ్ళ భోజనం కారియర్లలో ఉంచే ఏర్పాటు చేయించండి. ఖర్చేమీ పెరగదు, వాళ్ళు కట్టిన డబ్బే. వంట మేస్త్రికి అర్థమైన న్యాయం రూల్సు పుస్తకంలోకి ఎక్కితే చాలు.